కార్ఖానా కదులుతుంది... నేలలోని నికెల్ కదులుతుందా?

ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల భవిష్యత్తుపై చర్చ జోరుగా నడుస్తోంది. 2025 నవంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం హైదరాబాద్ పారిశ్రామిక భూముల బదలాయింపు విధానాన్ని తెచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు లోపల, దాన్ని ఆనుకుని ఉన్న 22 పారిశ్రామికవాడల్లోని సుమారు 9,292 ఎకరాలు దీని పరిధిలోకి వస్తాయి. రిజిస్ట్రేషన్ విలువలో 30 నుంచి 50 శాతం ఫీజు కడితే కార్ఖానా స్థలంలో అపార్ట్‌మెంట్లు, ఆఫీసులు, స్కూళ్లు, ఆస్పత్రులు కట్టుకోవచ్చు. ఆ జాబితాలో ఉప్పల్, నాచారం, మల్లాపూర్, మౌలాలి కూడా ఉన్నాయి.

భూముల విలువెంత, ఫీజు తక్కువా ఎక్కువా, లాభం ఎవరికి అన్న ప్రశ్నల మీద పార్టీలు కొట్లాడుకున్నాయి. కొట్లాడాల్సిన విషయమే. కానీ ఆ గొడవలో ఒక ప్రశ్న వెనకబడిపోయింది. దశాబ్దాల పాటు రసాయనాలు వాడిన షెడ్డును కూలగొట్టి, అదే నేల మీద పిల్లలు ఆడుకునే ఇళ్లు కడితే, ఆ మట్టిలో ఏముందో ముందుగా ఎవరు చూస్తారు? ఆ షెడ్డులో ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషి ఒంట్లో ఏముందో ఎవరు చూస్తారు?

ఈ ప్రశ్న అర్థం కావాలంటే ఒక్క పదార్థాన్ని తీసుకుని చూస్తే చాలు. దాని పేరు నికెల్ క్లోరైడ్.

వంటింటి ఉప్పుకు చుట్టం, గుణంలో మాత్రం వేరు

క్లోరిన్, ఫ్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ లాంటి మూలకాలు లోహంతో కలిస్తే వచ్చే లవణాలను లోహ హాలైడ్లు అంటారు. మనం కూరలో వేసుకునే ఉప్పు సోడియం క్లోరైడ్ కూడా ఈ కుటుంబంలోదే. అందుకే 'క్లోరైడ్' అన్న మాట వినగానే భయపడాల్సిన పనిలేదు. క్లోరిన్ పక్కన ఏ లోహం ఉందన్నదే అసలు సంగతి. సోడియం ఉంటే అది తిండి. పాదరసం, కాడ్మియం, నికెల్ లాంటివి ఉంటే విషం.

నికెల్ క్లోరైడ్ చూడటానికి అందంగా ఉంటుంది. తేమ లేని పొడి పసుపు రంగులో, నీటి అణువులతో కలిసిన స్ఫటికాలు పచ్చల్లా ఆకుపచ్చగా ఉంటాయి. ప్లేటింగ్ షాపుల్లోకి సంచుల్లో, డ్రమ్ముల్లో వచ్చేది సాధారణంగా ఈ ఆకుపచ్చ రకమే. దానికి వాసన ఉండదు. గ్యాస్ లీకైతే ముక్కు పసిగడుతుంది, యాసిడ్ ఒలికితే చేయి మండుతుంది. ఇది మాత్రం అలాంటి హెచ్చరికేమీ ఇవ్వదు.

దాని అసలు బలం నీటిలో కరిగిపోవడం. లీటరు నీటిలో అరకిలో కంటే ఎక్కువే కరుగుతుంది. కార్ఖానాకు అది పనికొచ్చే గుణం. నేలకు, బోరుకు వచ్చేసరికి ఆ గుణమే ముప్పు. కరిగిన లోహం నీటితో పాటే ప్రయాణిస్తుంది. నీటికి రంగు కనిపించనంత పలచబడ్డాక కూడా అందులోనే ఉంటుంది. చెత్త కుళ్లిపోతుంది, కొన్ని రసాయనాలు ఎండకు, సూక్ష్మజీవులకు విరిగిపోతాయి. నికెల్ మూలకం కాబట్టి విరిగిపోవడం అన్నది దానికి లేదు. చోటు మారుతుంది, రూపం మారుతుంది, అంతే.

మెరుపు వెనక ఏముంది?

కుళాయి, బైకు భాగం, సైకిల్ హ్యాండిల్, తాళం, బెల్టు బకిల్, తలుపు గొళ్లెం... ఇవన్నీ తుప్పు పట్టకుండా మెరవాలంటే వాటి మీద నికెల్ పూత వేస్తారు. క్రోమ్ పూత అని మనం చెప్పుకునే వాటిలో చాలావాటికి అడుగున ఉండేది కూడా నికెల్ పొరే. 1916లో అమెరికా శాస్త్రవేత్త ఆలివర్ వాట్స్ ప్రకటించిన ద్రావణమే ఈనాటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉంది. లీటరుకు 240 నుంచి 300 గ్రాముల నికెల్ సల్ఫేట్, 30 నుంచి 60 గ్రాముల నికెల్ క్లోరైడ్, కొంత బోరిక్ యాసిడ్ వేసి, సుమారు 45 నుంచి 60 డిగ్రీల వేడిలో ఉంచి కరెంటు పంపిస్తారు. అందులో క్లోరైడ్ పని ఏమిటంటే కరెంటు బాగా పారేలా చూడటం, నికెల్ పలక సాఫీగా కరిగేలా చేయడం. స్టెయిన్‌లెస్ స్టీలు మీద పూత నిలవాలంటే ముందు వేసే పలచని పొరకు నికెల్ క్లోరైడ్, హైడ్రోక్లోరిక్ యాసిడ్ కలిపిన మరింత ఘాటైన ద్రావణం వాడతారు.

ఉప్పల్, నాచారం, మల్లాపూర్ బెల్టులో మందుల కంపెనీలు, ఇంజినీరింగ్ వర్క్‌షాపులు, ఫుడ్ యూనిట్లతో పాటు ఈ ప్లేటింగ్, పాలిష్ పనులూ ఉన్నాయి. ఇందులో చాలా భాగం జాబ్ వర్క్. పెద్ద కంపెనీ భాగాలు పంపిస్తుంది, చిన్న షెడ్డు పూత వేసి తిరిగిస్తుంది. పని తెలిసిన ఉస్తాద్, ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు, ఒక రెక్టిఫైయర్, వరుసగా ట్యాంకులు. హైదరాబాద్‌లో ఇలాంటి లోహపు పనుల్లో ముస్లిం కుటుంబాల వాళ్లు తరతరాలుగా ఉన్నారు. తండ్రి చేతి పని కొడుక్కి వచ్చింది. పనితో పాటు పచ్చ నీళ్లతో సహవాసం కూడా వచ్చింది.

ట్యాంకు నుంచి భాగాన్ని పైకి తీసినప్పుడు దానికి అంటుకుని కొంత ద్రావణం బయటికొస్తుంది. దాన్ని పక్క ట్యాంకులో కడుగుతారు. నష్టం ఎక్కువగా జరిగేది ఈ కడిగిన నీళ్ల దగ్గరే. ట్యాంకు పగిలితే అందరూ చూస్తారు. రోజూ బకెట్ల లెక్కన పోయే కడుగు నీళ్లను ఎవరూ చూడరు.

నాలుగు గ్రాములు, పది ట్యాంకర్లు

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడాలి. భారత ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో నికెల్ 0.02 మిల్లీగ్రాములకు మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు 0.07 మిల్లీగ్రాములు. ఆకుపచ్చ స్ఫటికాల బరువులో దాదాపు నాలుగో వంతు నికెల్. అంటే నాలుగు గ్రాముల స్ఫటికాల్లో, ఒక టీస్పూనుకు అటూ ఇటూ పట్టే పొడిలో, ఒక గ్రాము నికెల్ ఉంటుంది. ఆ ఒక్క గ్రాము 50,000 లీటర్ల నీటిని మన ప్రమాణం అంచు దాకా తీసుకెళ్లగలదు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లయితే పది.

ఇప్పుడు వెయ్యి లీటర్ల ఒక మామూలు ప్లేటింగ్ ట్యాంకును ఊహించుకుంటే, పైన చెప్పిన పాళ్లలో దానిలో కరిగి ఉండే నికెల్ 60 కిలోలు దాటుతుంది.

చట్టం కార్ఖానాకు ఇచ్చిన హద్దు వేరు. శుద్ధి చేసి బయటికి వదిలే నీటిలో నికెల్ లీటరుకు 3 మిల్లీగ్రాముల వరకు ఉండొచ్చు. అది తాగునీటి హద్దుకు 150 రెట్లు. వదిలిన నీళ్లు పెద్ద ప్రవాహంలో కలిసి పలచబడతాయన్న అంచనాతో పెట్టిన హద్దు అది. పారే నీరు లేని మురుగు కాలువలోకి, షెడ్డు వెనక గుంతలోకి వదిలితే ఆ అంచనాకే అర్థం ఉండదు.

శుద్ధి చేయడం తెలియని విద్యేమీ కాదు. కడుగు నీటిలో సున్నం కలిపి క్షారగుణం పెంచితే నికెల్ ఆకుపచ్చ బురదలా కిందికి దిగిపోతుంది. పైనున్న నీటిని పరీక్షించి వదలాలి. ఆ బురద మాత్రం ప్రమాదకర వ్యర్థం. దాన్ని లెక్కగట్టి, రికార్డు రాసి, దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రం లాంటి చోటికి పంపాలి. చెత్తకుప్పలో పోయడానికి లేదు. ఖర్చు తగ్గించుకోవాలనుకున్న యజమాని మొదట కోత పెట్టేది ఇక్కడే.

ఒంటికి ఏం చేస్తుంది?

నికెల్ లవణాలు అందరికీ ముందుగా పరిచయమయ్యేది చర్మం ద్వారా. చేతుల మీద దురద, పొక్కులు, తర్వాత చర్మం గట్టిపడి పగలడం. ప్లేటింగ్ పనివాళ్లలో కనిపించే దీన్ని 'నికెల్ గజ్జి' అని పిలిచిన రోజులున్నాయి. ఒకసారి శరీరం నికెల్‌కు అలర్జీ పెంచుకుంటే అది సాధారణంగా జీవితాంతం ఉంటుంది. తర్వాత కొద్దిపాటి స్పర్శకే దురద తిరగబెడుతుంది. ద్రావణం నుంచి లేచే తుంపర పీల్చే వాళ్లలో కొందరికి ఆస్తమా వస్తుంది.

క్యాన్సర్ విషయంలో మాట జాగ్రత్తగా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలోని క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 1990లోనే నికెల్ సమ్మేళనాలను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. తర్వాతి సమీక్షలోనూ అదే నిర్ణయం నిలిచింది. ఊపిరితిత్తులు, ముక్కు, దాని చుట్టూ ఉండే గాలి గదుల క్యాన్సర్లు ఇందులో ముఖ్యమైనవి. అయితే ఆ ఆధారాల్లో ఎక్కువ భాగం నికెల్ శుద్ధి కర్మాగారాల్లో ఏళ్ల తరబడి దుమ్ము, పొగ పీల్చిన కార్మికులవి. ప్లేటింగ్ షెడ్డులో పనిచేసిన ప్రతి ఒక్కరికీ క్యాన్సర్ వస్తుందని దీని అర్థం కాదు. పీల్చే నికెల్‌ను తగ్గించకుండా ఊరుకోవడానికి మాత్రం ఏ సాకూ లేదని అర్థం. ఐరోపా వర్గీకరణలో నికెల్ క్లోరైడ్‌కు మింగినా పీల్చినా విషం, గర్భస్థ శిశువుకు హాని చేయగలది అన్న గుర్తులు కూడా ఉన్నాయి. గర్భంతో ఉన్న ఇల్లాలు భర్త పని బట్టలు చేత్తో ఉతికే ఇంట్లో ఈ మాట గుర్తుండాలి.

తాగితే ఏమవుతుందో చెప్పే కేసు ఒకటి వైద్య పత్రికల్లో నమోదై ఉంది. అమెరికాలోని ఒక ప్లేటింగ్ కార్ఖానాలో తాగునీటి కుళాయిలోకి పొరపాటున నికెల్ సల్ఫేట్, నికెల్ క్లోరైడ్ ఉన్న నీళ్లు కలిశాయి. 32 మంది కార్మికులు ఆ నీళ్లు తాగారు. లీటరుకు 1.63 గ్రాముల నికెల్ ఉందని తేలింది. 20 మందికి వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు, తల తిరగడం మొదలయ్యాయి. పది మందిని ఆస్పత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించారు. సెలైన్ తీసుకున్న వాళ్ల ఒంట్లో నికెల్ సగానికి తగ్గడానికి 27 గంటలు పడితే, తీసుకోని వాళ్లకు 60 గంటలు పట్టింది. అందరూ కోలుకున్నారు. 1988లో వచ్చిన ఈ నివేదిక చెప్పే పాఠం సూటిగా ఉంది. ప్లేటింగ్ నీళ్లు పోయే పైపూ, తాగే నీళ్ల పైపూ ఒకే కప్పు కింద ఉన్నప్పుడు పొరపాటుకు ఎక్కువ సమయం పట్టదు. త్వరగా ఆస్పత్రికి తీసుకెళ్తే, ఏం తాగారో డాక్టరుకు చెబితే ప్రాణం నిలుస్తుంది.

పిల్లల విషయం వేరు. రెండున్నరేళ్ల పాప సుమారు 15 గ్రాముల నికెల్ సల్ఫేట్ స్ఫటికాలు మింగి చనిపోయిన కేసు కూడా వైద్య పత్రికల్లో ఉంది. రంగురంగుల స్ఫటికాలు పిల్లలకు మిఠాయిలా కనిపిస్తాయి. అవి ఇంటికి రాకూడదు. అవి వచ్చిన డ్రమ్ము అసలే రాకూడదు.

కాటేదాన్ మట్టి చెప్పిన సంగతి

మట్టిలో ఏముందో కొలవడం మన నగరానికి కొత్త కాదు. కొలిచే సంస్థ ఉప్పల్ రోడ్డు మీదే ఉంది. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ, పేరుతో ఒక మెట్రో స్టేషనే ఉంది. ఆ సంస్థ శాస్త్రవేత్తలు భారత్-నార్వే సహకార కార్యక్రమం కింద నగరానికి దక్షిణాన ఉన్న కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిని పరీక్షించారు. అప్పటికి అక్కడ అద్దకం, నూనె, బ్యాటరీ, ప్లేటింగ్, రసాయనాలు కలిపి సుమారు 300 యూనిట్లు. 2002, 2003 సంవత్సరాల్లో వానలకు ముందు, వానల తర్వాత నమూనాలు తీశారు. ఫలితాలు 2008లో ప్రచురితమయ్యాయి.

పారిశ్రామికవాడ అంతటా సీసం, క్రోమియం, నికెల్, జింక్, ఆర్సెనిక్, కాడ్మియం చాలా ఎక్కువగా కనిపించాయి. కెనడా మట్టి ప్రమాణాలతో పోల్చితే ఎక్కువ భాగం ఆర్సెనిక్, సీసం, జింక్‌తో, కొన్ని చోట్ల క్రోమియం, రాగి, నికెల్‌తో బాగా కలుషితమై ఉంది. చాలా యూనిట్లు శుద్ధి చేయని నీళ్లను ఖాళీ స్థలాల్లోకి, గుంతల్లోకి వదులుతున్నాయని, ఘన వ్యర్థాలను రోడ్ల వెంట పోస్తున్నాయని ఆ అధ్యయనం నమోదు చేసింది. ఆ వాడలోనే పెద్ద సంఖ్యలో జనం శాశ్వతంగా నివసిస్తున్నారు కాబట్టి సమస్య మరింత తీవ్రమని కూడా చెప్పింది.

అందులో ఊరటనిచ్చే మాట కూడా ఒకటుంది. ఆర్సెనిక్, కాడ్మియం, సీసం భూగర్భ జలాల వైపు కదిలే అవకాశం ఎక్కువగా ఉంటే, నికెల్ లాంటివి మట్టిని గట్టిగా పట్టుకుని ఉన్నాయని తేలింది. అంటే నీళ్లలో అంత తేలికగా కరిగే నికెల్ క్లోరైడ్ కూడా మట్టిలోకి దిగాక అక్కడి బంకమన్ను, ఖనిజాలతో కలిసి చాలావరకు ఆగిపోగలదు. కానీ మట్టిలో ఆమ్లం పెరిగితే మళ్లీ కదులుతుంది. ప్లేటింగ్ షెడ్డులో నికెల్‌తో పాటు యాసిడ్ కూడా ఒలుకుతుందన్నది గుర్తుంచుకోవాలి.

కాటేదాన్ ఫలితాన్ని తెచ్చి ఉప్పల్, నాచారానికి అంటించడం తప్పు. రెండు చోట్లా పరిశ్రమలు వేరు, నేల వాలు వేరు. అక్కడి మట్టి చెడిపోయిందని కొలవకుండా చెప్పకూడదు. బాగుందని కూడా కొలవకుండా చెప్పకూడదు. కాటేదాన్ నేర్పింది ఇదే.

తవ్విన మట్టి ఎక్కడికి పోతుంది?

నికెల్ మట్టిలో కదలకుండా ఉంటే ఇక బాధేమిటి అన్న ప్రశ్న వస్తుంది. అది కదలకుండా ఉండేది మట్టిని కదపనంత కాలమే. కార్ఖానా స్థలంలో టవర్లు వస్తే పార్కింగ్ కోసం రెండు మూడు అంతస్తుల సెల్లార్లు తవ్వుతారు. వందల టిప్పర్ల మట్టి బయటికి పోతుంది. ఆ మట్టి ఎక్కడో పల్లపు స్థలాన్ని, కుంట అంచును, కొత్త బస్తీ ప్లాటును నింపుతుంది. ఖరీదైన ఫ్లాటు కింద నుంచి తీసిన కలుషిత మట్టి, పేదవాడి ఇంటి పునాది కిందికి చేరే దారి ఇదే. తవ్వే కూలీలు, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు దుమ్ము పీలుస్తారు.

ఉప్పల్‌లో భూమి రేట్లు ఎలా పెరిగాయో అందరికీ తెలుసు. 2017లో మెట్రో వచ్చింది. 2019లో ఉప్పల్ భగాయత్ ప్లాట్లను హెచ్‌ఎండీఏ వేలం వేసింది. ఇంత ధర పలికే చోట ఒక్క నెల ఆలస్యమైనా బిల్డరుకు భారమే. అందుకే మట్టి పరీక్షను వాళ్ల ఇష్టానికి వదిలేస్తే జరగదు. అనుమతికి షరతుగా పెట్టాలి.

దానికి కావలసిన చట్టం ఇప్పటికే ఉంది. 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలను నోటిఫై చేసింది. వాటి ప్రకారం కలుషితమని అనుమానం ఉన్న స్థలాల జాబితాను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి ఇవ్వాలి. కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన, అవసరమైతే మరో మూడు నెలల్లో పూర్తి సర్వే చేయాలి. కలుషితమని తేలితే బాధ్యులను గుర్తించడానికి 90 రోజుల గడువు. శుభ్రం చేసే ఖర్చు కాలుష్యం చేసినవారిదే. వాళ్లు దొరకకపోతే, కట్టలేకపోతే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు భరించాలి. నిబంధనలు వచ్చిన సమయానికి దేశంలో గుర్తించిన కలుషిత స్థలాలు 103. శుద్ధి పనులు మొదలైనవి ఏడు చోట్ల మాత్రమే. స్థలాన్ని ఎప్పటిలోగా శుభ్రం చేయాలన్న గడువు ఈ నిబంధనల్లో లేకపోవడం పెద్ద లోటు.

జులైలో వచ్చిన ఫైలు, నవంబర్‌లో వచ్చిన ఫైలు ఒకదాన్నొకటి కలవాలి. భూ వినియోగం మార్చమని దరఖాస్తు పెట్టిన ప్రతి స్థలానికి మట్టి, భూగర్భ జలం పరీక్ష తప్పనిసరి చేసి, ఆ నివేదికను అందరూ చూసేలా పెడితే సమస్యలో సగం తీరుతుంది. లోహం ఎక్కువగా ఉన్నా ఆ స్థలం ఎందుకూ పనికిరాదని కాదు. చెడిన మట్టిని తీసి సురక్షిత కేంద్రానికి పంపడం, సిమెంటు, సున్నంతో కదలకుండా బిగించడం, పైన మూత వేయడం లాంటి పద్ధతులున్నాయి. ఫ్లాటు కొన్న కుటుంబం ఈఎంఐ కట్టడం మొదలుపెట్టాక చేయడం కన్నా, పునాది పడకముందే చేయడం చాలా చౌక.

మనిషి రికార్డు మాయమైతే?

మట్టికైనా నోరు లేదు. మనిషికి నోరున్నా కాగితం లేకపోతే ఎవరూ వినరు. షెడ్డు మూతపడితే హాజరు పుస్తకం పోతుంది, జీతం చీటీ పోతుంది, ఏ ట్యాంకు దగ్గర ఎన్నేళ్లు పనిచేశాడన్న సాక్ష్యం పోతుంది. క్యాన్సర్ లాంటి జబ్బులు పదేళ్లకు, ఇరవై ఏళ్లకు బయటపడతాయి. అప్పుడు ఇది పని వల్ల వచ్చిందని చెప్పుకోవడానికి చేతిలో ఏమీ ఉండదు.

రసాయనాల వల్ల వచ్చే చర్మవ్యాధి, పని వల్ల వచ్చే క్యాన్సర్ ఫ్యాక్టరీల చట్టం పట్టికలో ఎప్పటినుంచో ఉన్నాయి. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 40 ఏళ్లు దాటిన కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్ష, ప్రమాదకర ప్రక్రియలో ఒక్క కార్మికుడున్నా ఈఎస్‌ఐ వర్తించే వీలు వాటిలో ఉన్నాయి. పది మంది లోపు పనిచేసే చిన్న షెడ్లు ఇన్నాళ్లూ ఈఎస్‌ఐకి వెలుపలే ఉండిపోయాయి. నాచారంలోనే ఈఎస్‌ఐ ఆస్పత్రి ఉంది. ఇంటికి దగ్గర్లో ఆస్పత్రి ఉండి, చేతిలో కార్డు లేకపోవడమే చాలామంది పరిస్థితి. షెడ్లు మూతపడకముందే ఈ కార్మికులను గుర్తించి, పరీక్షలు చేసి, పని చరిత్రను రాసిపెట్టాలి. ఇది జరగాల్సింది తరలింపుకు ముందు.

ఇళ్లలో చేసుకోదగ్గవి

ప్రభుత్వం కదిలేదాకా ఆగనవసరం లేని పనులు కొన్ని ఉన్నాయి.

పని బట్టలు షెడ్డులోనే మార్చుకుని, ఇంట్లో వాటిని పిల్లల బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి. ట్యాంకు దగ్గర తినడం, టీ తాగడం, గుట్కా నమలడం మానాలి. చేతుల మీద నుంచి నోట్లోకి వెళ్లేది కూడా మింగినట్టే. మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు, ట్యాంకు అంచున గాలి లాగే ఎగ్జాస్ట్ అడిగి తీరాలి. ముఖానికి రుమాలు కట్టుకుంటే తుంపర ఆగదు.

రసాయనాలు వచ్చిన నీలం డ్రమ్ములు సెకండ్‌హ్యాండ్‌లో చౌకగా దొరుకుతాయి. నీళ్ల కరువు ఉన్న బస్తీల్లో వాటిని నీళ్లు పట్టడానికి కొంటారు. ముందు ఏముండేదో తెలియని డ్రమ్ములో తాగేనీళ్లు, వంటనీళ్లు ఎన్నిసార్లు కడిగినా పట్టకూడదు.

బోరు నీటికి టీడీఎస్ మీటరు పెట్టి 'బాగున్నాయి' అనడం సరిపోదు. టీడీఎస్ హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు, నికెల్ హద్దు 0.02. అంటే మీటరు చూపే అంకెలో ఇరవై ఐదు వేల వంతు. దాన్ని ఆ మీటరు పట్టుకోలేదు. కాచినా లోహం పోదు, నీరు ఆవిరైన కొద్దీ మరింత చిక్కబడుతుంది. పారిశ్రామికవాడ పక్కన ఉన్న కాలనీలు, మస్జిద్ కమిటీలు, స్కూళ్లు కలిసి గుర్తింపు ఉన్న ల్యాబులో నికెల్, సీసం, క్రోమియం, కాడ్మియం పేర్లు రాసి మరీ పరీక్ష చేయించాలి. 2025లో మాదాపూర్ దగ్గర సున్నం చెరువు పక్క బోర్ల నీటిలో సీసం హద్దు మించి ఉందని పరీక్షల్లో తేలాకే ట్యాంకర్ల అమ్మకంపై చర్యలు మొదలయ్యాయి. పరీక్ష కాగితం లేకపోతే ఆ చర్యలు ఉండేవి కావు.

ఆడపిల్లల విషయంలో మరో మాట. చవక చెవి పోగులు, హిజాబ్ పిన్నులు, బుర్ఖా ప్రెస్ బటన్లు, వాచీ బకిళ్ల మీద తరచుగా ఉండేది నికెల్ పూతే. అక్కడే ఎర్రగా దురద వస్తుంటే సబ్బును, నూనెను అనుమానించే ముందు ఆ లోహాన్ని తీసి చూడాలి. చర్మ డాక్టరు ప్యాచ్ టెస్టుతో తేల్చేస్తారు. ఐరోపా దేశాల్లో చర్మాన్ని తాకే వస్తువుల నుంచి నికెల్ ఎంత విడుదల కావచ్చో చట్టమే హద్దు పెట్టింది, చెవికి కుట్టే పోగులకైతే ఆ హద్దు మరీ తక్కువ.

కార్ఖానాలు జనావాసాల మధ్య నుంచి కదలడం మంచిదే. ఉప్పల్, నాచారం ప్రజలు ఏళ్లుగా కోరుతున్నదీ అదే. అయితే తాళం వేసి వెళ్లే ముందు రెండు కాగితాలు తయారుకావాలి. ఒకటి ఆ నేల పరీక్ష నివేదిక, రెండోది ఆ నేల మీద చెమటోడ్చిన మనిషి ఆరోగ్య రికార్డు. ఆ రెండూ చేతికి రాకుండా వచ్చే ఏ అనుమతి పత్రమైనా భూమి ధరను మాత్రమే లెక్కగట్టినట్టు. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా యంత్రాంగం, కాలుష్య నియంత్రణ మండలి ఆ రెండు కాగితాలు అడుగుతాయా లేదా అన్నది, మొదటి షెడ్డు కూలే రోజే తెలిసిపోతుంది.